బ్రేకులక్క బన్నులు

బస్సు డిపోలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఇరవై రెండేళ్ళుగా, బస్సు అడుగు నుంచి రిపేరు చేసే బ్రేకుల గుంటలో పనిచేస్తున్న మనిషి కాబట్టి చిన్నా పెద్దా అందరికీ బ్రేకులక్కే. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళయిన డ్రైవర్లు కూడా "అక్కా" అనే పిలిచేవారు. బస్సు గేటు దగ్గర మలుపు తిరుగుతుండగానే గుంటలోంచి తలెత్తకుండా, "ఎడమవైపు వెనక చక్రం, బ్రేకు పట్టీ అరిగింది" అనేది. విప్పి చూస్తే అదే అయ్యేది. కొత్తగా వచ్చిన ఇంజనీరొకాయన ఇది నమ్మక రెండుసార్లు పందెం కాసి, రెండుసార్లూ గుంటలో ఉన్నవాళ్ళందరికీ టీలు పోయించాడు.

ముక్కుసూటి మనిషి. తనకు వచ్చిన పని గురించి నసుగుతూ మాట్లాడటం ఆమెకు చేతకాదు. "రానిది రాదంటాను. వచ్చింది వచ్చని చెప్పడానికి సిగ్గెందుకు?" అనేది.

ఆమెకు అంత గట్టిగా వచ్చిన రెండో పని గొడ్డు మాంసం వండటం. నెలకోసారి, మొదటి ఆదివారం, ఆమె ఉండే నాలుగంతస్తుల ఇంట్లోని పదకొండు వాటాలకీ, డిపోలో ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్ళకీ ఆమె చేతి మాంసం బన్నులు అందేవి. ముందురోజు సాయంత్రం కొట్టుకు వెళ్ళి భుజం దగ్గరి పెద్ద ముక్క, నడుమ కొవ్వు చారలున్నది, ఏరి తెచ్చుకునేది. కొట్టాయన మెత్తటి ముక్క చూపించబోతే ఒప్పుకునేది కాదు. "మెత్తటిది తొందరగా ఉడికి పిప్పవుతుంది. నాకు మొండిదే ఇవ్వు. మొండివాళ్ళతో ఎలా వేగాలో నాకు తెలుసు" అనేది. ఉప్పూ మిరియాల పొడీ పట్టించి ఉంచి, ఆదివారం పొద్దున ఆరింటికి మందపాటి ఇనప గిన్నె పొయ్యి మీద పెట్టేది. ముక్కను అన్ని వైపులా ఎర్రగా కాల్చి తీసి, అదే కొవ్వులో ఉల్లిపాయలు వేయించి, వెల్లుల్లి, కాస్త వెనిగరు, ముక్క సగం మునిగేటన్ని నీళ్ళు పోసి, బరువైన మూత పెట్టి మంట తగ్గించేది. మధ్యాహ్నం పన్నెండు దాకా అంతే. ఆ తర్వాత రెండు ఫోర్కులతో లాగితే మాంసం పోగులు పోగులుగా విడిపోయేది. దాన్ని తన రసంలోనే మళ్ళీ తడిపి, పెనం మీద కాల్చిన బన్నుల్లో ఆవాల ముద్ద రాసి, వెనిగరులో ఊరిన దోసకాయ చక్రాలు నాలుగు పెట్టి మూసేది.

ఇదంతా మొదలై పద్నాలుగేళ్ళయింది. ఆ ఇంట్లో చేరిన కొత్తలో మెట్ల మీద ఎదురుపడినా మనుషులు గోడవైపు చూస్తూ దిగిపోయేవారు. ఒక ఆదివారం ఆమె ఇద్దరికి సరిపోయేదానికి బదులు ఇరవైమందికి సరిపోయే ముక్క తెచ్చేసింది. ఆరు గంటలపాటు ఆ వాసన మెట్లెక్కి పై అంతస్తు దాకా వెళ్ళింది. పన్నెండయ్యేసరికి ఒక్కొక్క తలుపూ ఒక అంగుళం తెరుచుకుని ఉంది. పళ్ళెం పట్టుకుని వెళ్ళి తట్టాల్సిన పని కూడా లేకపోయింది.

ఆమె భర్త తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. వెన్నలాంటి మనిషి. గడ్డి వండి పెట్టినా "బాగుంది" అనే రకం కాబట్టి వంట విషయంలో ఆయన మాటకు విలువ లేదు. ఆయన అక్క మూడో అంతస్తులో ఉండేది. ఆపరేషన్ గదిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. బ్రేకులక్క ఆవిడను వదినా అని పిలిచేది. వదిన ప్రతి నెలా సగం బన్ను తిని, పళ్ళెం తళతళా తోమి పంపేది. బాగుందనీ అనేది కాదు, బాగా లేదనీ అనేది కాదు. దానికో కారణం ఉంది. మొదటి ఏడాదే ఒకరోజు వదిన వంటింట్లోకి వచ్చి, అడక్కుండా గిన్నె మూత ఎత్తింది. "మూత పెట్టండి వదినా. ఇది నా వంటిల్లు" అంది బ్రేకులక్క. వదిన మూత పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పదమూడేళ్ళు ఆ వంటింటి గడప తొక్కలేదు.

ఇలా ఉండగా ఒక చలికాలం బ్రేకులక్కకు జ్వరం వచ్చింది. పదిరోజులు మంచం పట్టి, పదకొండో రోజు లేచి డిపోకు వెళ్ళింది. అంతా మామూలుగానే ఉందనుకుంది. మధ్యాహ్నం ఒక డ్రైవరు బస్సు దిగి, ముక్కు మూసుకుని, "అక్కా, ఈ కంపేమిటి, బ్రేకు కాలిపోయిందా?" అన్నాడు. ఆమె ఆ చక్రం పక్కనే నిలబడి ఉంది. ఆమెకు ఏ వాసనా రాలేదు. వంగి చక్రం దగ్గరకు మొహం పెట్టింది. ఏమీ లేదు. గాజు గ్లాసు వాసన చూసినట్టుంది.

ఇంటికి వచ్చి సబ్బు వాసన చూసింది. వెల్లుల్లి దంచి చూసింది. కిరోసిన్ సీసా మూత తీసి చూసింది. అన్నీ ఒకటే. నాలుకకు ఉప్పు, పులుపు లీలగా తెలుస్తున్నాయి, అంతకుమించి ఏమీ లేదు. "జలుబు దిగలేదు, రేపో మాపో వస్తుందిలే" అని తనకు తనే చెప్పుకుని, ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఆమె జీవితంలో మాట దాచడం అదే మొదటిసారి.

మొదటి ఆదివారం వచ్చింది. ఆమె ఎప్పటిలాగే ఆరింటికి పొయ్యి వెలిగించింది. పద్నాలుగేళ్ళ అలవాటు, చేతులకు దారి తెలుసు అనుకుంది. కానీ ఇన్నేళ్ళూ ఆమె దారి చూసింది ముక్కుతో. ఉల్లిపాయలు ఎప్పుడు చాలించాలో, మంట ఎప్పుడు తగ్గించాలో, అడుగున నీరు ఎప్పుడు ఇంకిపోయిందో అన్నీ పక్క గదిలో బట్టలు మడతపెట్టుకుంటూ వాసనతోనే కనిపెట్టేది. ఆ రోజూ పక్క గదిలోనే కూర్చుని బట్టలు మడతపెట్టింది. భర్తేమో పొద్దున్నే బన్నుల కోసం వెళ్ళి బేకరీ దగ్గర వరసలో నిలబడ్డాడు.

గిన్నె అడుగున నలుపు కనిపించినా కాల్చిన మాంసం రంగేననుకుంది. పన్నెండింటికి పళ్ళేలు వెళ్ళాయి. పదకొండు వాటాల వాళ్ళూ "బాగుందక్కా" అన్నారు. ఒంటిగంటకు వదిన దిగి వచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఒక్క ముక్క కొరికి వదిలేసిన బన్ను. గడప బయటే నిలబడింది.

"అడుగంటింది" అంది వదిన.

"లేదే!"

"మాడు వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. పక్కవాళ్ళు మొహమాటానికి బాగుందన్నారు. చెత్తబుట్టలు చూడు, తెలుస్తుంది." వదిన ఆమె మొహంలోకి చూసింది. పేషెంట్లను చూసే చూపు అది. "ఎన్నాళ్ళ నుంచి నీకు వాసన తెలియట్లేదు?"

బ్రేకులక్క అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది కానీ అలవాటు లేని పని, నిజమే వచ్చింది. "మూడు వారాలు" అంది.

మర్నాడు వదినే ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూసి, జ్వరం వల్ల నరం దెబ్బతిన్నదని, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా నెలలు పడుతుందని చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో వదిన ఒక్కటే మాట అంది: "డిపోలో చెప్పు. నువ్వు దాస్తే రేపు ఎవడి ప్రాణం మీదకో వస్తుంది."

రెండు రోజులు ఆమె సరిగ్గా అన్నం తినలేదు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి తన బన్ను చెత్తబుట్టలోకి వెళ్ళింది. భర్త పక్కన కూర్చుని, "ముక్కుసూటి మనిషికి ముక్కే పోతే ఎలాగే?" అని నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. కాసేపటికి నవ్వింది. మూడో రోజు పొద్దున తల దువ్వుకుని, డిపోకు వెళ్ళి, ఫోర్మన్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఫోర్మన్ మంచివాడే. కానీ భయస్థుడు. "టైర్ల స్టోర్లో చోటుందక్కా. కూర్చుని చేసే పని. జీతంలో తేడా ఉండదు" అన్నాడు.

"కూర్చోవాలంటే ఇంట్లో కుర్చీలున్నాయి ఫోర్మన్ గారూ. ఒక పని చేయండి. ఆరు బస్సులు వరసగా నిలబెట్టండి. ఏదో ఒకదానికి మీరే బ్రేకు కాస్త బిగించి పట్టేసేలా చేయండి. యార్డులో ఒక చుట్టు తిప్పించండి. నేను చెప్పలేకపోతే టైర్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను."

ఆయన నిలబెట్టించాడు. పని మానేసి అందరూ చుట్టూ చేరారు. ఆమె యార్డు మధ్యలో నేలకేసి చూస్తూ నిలబడింది. మొదటి బస్సు, రెండోది, మూడోది వెళ్ళాయి. నాలుగోది ఇంకా దగ్గరకు రాకముందే చెయ్యెత్తింది. "ఇది. కుడివైపు ముందు చక్రం." బస్సు ఆగాక చక్రం దగ్గరకు వెళ్ళి, తగలకుండా అరచేయి దూరంగా పెట్టి చూసి, తల ఊపింది. "అదిగో, వెనక వస్తున్న ఆరోదానికి కూడా ఉంది. మీరు చేసింది కాదు, అది దానంతటదే. వెనక ఎడమది. వారంలో అదీ పట్టేస్తుంది."

ఆరోదాన్ని విప్పించారు. నిజమే. ఫోర్మన్ ముక్కున వేలేసుకున్నాడు.

"ఎలా చెప్పావక్కా?"

"వాసన ఆఖరున వస్తుంది ఫోర్మన్ గారూ. వాసన వచ్చేసరికి కాలాల్సింది కాలిపోయే ఉంటుంది. చెవి ముందే చెబుతుంది."

ఆ మాట అని గుంటలోకి దిగబోతూ ఒక్క క్షణం మెట్టు మీద ఆగిపోయింది. తన నోటి నుంచి వచ్చిన మాటే తనకు కొత్తగా వినిపించింది. ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ దారిలో చిన్న మాంసం ముక్క, రెండు కిలోల ఉల్లిపాయలు కొన్నది. ఇంటికి వెళ్ళి, చెప్పులు విడవకుండానే మూడో అంతస్తుకు ఎక్కి తలుపు తట్టింది.

"వదినా, కిందకు రండి. వంటింట్లోకి."

"ఎందుకు?"

"నాకు ముక్కు లేదు. మీకుంది."

వదిన తలుపు దగ్గరి నుంచి కదల్లేదు. "మూత ఎత్తితే తిడతావేమో" అంది.

"పదమూడేళ్ళయింది. ఇంకా మరిచిపోలేదా?"

"నువ్వు మరిచిపోయావా?"

"లేదు" అంది బ్రేకులక్క. "తప్పు నాదే. రండి."

ఆ నెలంతా సాయంత్రాలు వదినా మరదళ్ళిద్దరూ పొయ్యి ముందు రెండు పీటలు వేసుకుని కూర్చున్నారు. బ్రేకులక్క కళ్ళు మూసుకుని ఉల్లిపాయల చప్పుడు వినేది. గిన్నెలో పడగానే చుయ్యిమంటాయి, నీరున్నంతసేపు గట్టిగా గోల చేస్తాయి, నీరు తగ్గేకొద్దీ సన్నగా చిటపటమంటాయి. ఆ తర్వాత ఒక క్షణం గొంతు తగ్గుతాయి. "ఇప్పుడు?" అని ఆమె అడిగేది. "ఇప్పుడు తియ్యగా వస్తోంది వాసన" అని వదిన చెప్పేది. ఇంకాసేపు ఉంచితే, "ఇక మాడబోతోంది, తియ్యి!" అని వదిన అరిచేది. పది పన్నెండుసార్లు మాడగొట్టాక ఆ గొంతు తగ్గే క్షణం చెవికి అందింది. మూత కింద రసం గబగబా పొర్లితే మాంసం గట్టిపడుతుంది, ఒక బుడగ పగిలి, మనం ఊపిరి తీసి వదిలాక ఇంకో బుడగ పగిలితే సరి. నీరు ఇంకిపోతే బుడగల చప్పుడు లోతు పోయి పొడిగా వినిపిస్తుంది. ఉప్పుకు చెంచా కొలత పెట్టుకున్నారు. ఉడికిందో లేదో ఫోర్కు గుచ్చి మెలితిప్పితే తెలిసేది. మెలితిప్పిన చోట మాంసం ఎదురు తిరగకుండా విడిపోవాలి.

వదిన రుచి చూసి చెప్పే తీరు మాత్రం ఆసుపత్రి చీటీలాగే ఉండేది. "ఉప్పు చాల్లేదు. మిరియాలు ఎక్కువ. పులుపు పరవాలేదు."

"బాగుందా లేదా అని ఒక్క మాట చెప్పకూడదా?"

"బాగుంటే చెబుతాను" అనేది వదిన.

ఒక్కోసారి పోట్లాడుకునేవారు. వెల్లుల్లి ముందు వెయ్యాలా, తర్వాత వెయ్యాలా అన్న దాని మీద ఒక సాయంత్రం అలిగి వదిన పైకి వెళ్ళిపోయింది. అయిదు నిమిషాలకే, "నీళ్ళు పోశావా లేదా?" అని మెట్ల మీంచి కేక వేసింది.

తర్వాతి మొదటి ఆదివారం మామూలు ఆదివారం కాదు. డిపోలో పాత వర్క్‌షాపు మూసి కొత్త దానికి మారే రోజు. రెండు షిఫ్టుల వాళ్ళూ ఒక్కచోట చేరుతున్నారు. ఇంట్లో వాళ్ళతో కలిపి తొంభై బన్నులు కావాలి. "ఈసారికి బయట తెప్పిద్దామక్కా, నీకెందుకు శ్రమ?" అన్నాడు ఫోర్మన్. పోయినసారి బన్ను ఆయనా తిన్నాడు. ఆమెకు ఆ మాట వెనక మాట వినపడింది. "నేనే చేస్తాను" అంది.

మూడు పెద్ద ముక్కలు తెచ్చింది. కింది వాటావాళ్ళ గిన్నె, మూడో అంతస్తు గిన్నె అరువు తెచ్చింది. పొద్దున అయిదున్నరకు వదిన దిగి వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. కళ్ళలో నీళ్ళు.

"ఏమైంది వదినా?"

"జలుబు" అంది వదిన, బొంగురు గొంతుతో. "ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. నాకూ ఏ వాసనా తెలియట్లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్రేకులక్క భర్త అటుగా వచ్చి, "నేను చూసి చెబుతాగా" అన్నాడు.

"మీరు వెళ్ళి బన్నులు తెండి" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

బ్రేకులక్క గుండె ఒక్కసారి జారింది, దాచుకోవడం దేనికి. తొంభై బన్నులు. మాడితే పక్కింటివాళ్ళలా మొహమాటపడరు డిపో వాళ్ళు, పదేళ్ళు చెప్పుకుని నవ్వుతారు. కానీ పొయ్యి వెలిగించి, మొదటి ముక్క గిన్నెలో పడి చుర్రుమన్న చప్పుడు వినగానే ఆ జారిన గుండె చోటికి వచ్చింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. "వదినా, కిటికీ మూసేయండి. వీధి గోల అడ్డం వస్తోంది" అంది. ఆ తర్వాత ఆరు గంటలు ఆ వంటింట్లో మాట లేదు. మూడు గిన్నెలు, మూడు రకాల చప్పుళ్ళు. ఇనప గిన్నె నిదానంగా గుబుక్కుమనేది. కింది వాటావాళ్ళ గిన్నె పలచన, దాని గొంతు తొందరగా ఎక్కేది, దాని కింద పెనం పెట్టి సెగ తగ్గించింది. పదిన్నరకు మూడో గిన్నెలో బుడగ పొడిగా పలికింది. ఆమె వెంటనే లేచి ఒక గ్లాసుడు వేడినీళ్ళు పోసింది. మూత ఎత్తి పట్టుకున్న వదిన చూసింది, నీళ్ళు పడకముందు అడుగున అంగుళం రసం కూడా లేదు.

పన్నెండింటికి ఫోర్కు గుచ్చి మెలితిప్పింది. మాంసం చెప్పినట్టు విన్నది.

ఇంట్లో వాటాలకు పంచాక మిగతావి పెద్ద డబ్బాల్లో సర్ది, డిపో వ్యానులో ముగ్గురూ వెళ్ళారు. కొత్త షెడ్డులో ఇంకా రంగు ఆరలేదు. పొడుగాటి బల్ల మీద డబ్బాలు తెరిచారు. అందరూ తలొకటి తీసుకున్నారు. బ్రేకులక్క గోడకు ఆనుకుని నిలబడి, మొహాలు చూడలేదు, విన్నది. పోయినసారి ఇంట్లో మెట్ల మీద, "బాగుందక్కా, బాగుంది" అని అందరూ ఒకటే మాటలు. ఈసారి మాటల్లేవు. షెడ్డులో నలభైమంది ఉంటే నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ తర్వాత కాగితాలు నలిగే చప్పుడు, డబ్బాలో రెండోదాని కోసం చేతులు తగులుకునే చప్పుడు. ఫోర్మన్ ఏ పెళ్ళిలోనూ రెండోసారి వడ్డించుకోని మనిషి. గడ్డం మీద కారిన రసం తుడుచుకుంటూ మూడోదాని కోసం వచ్చాడు.

"ముక్కు తిరిగొచ్చిందా అక్కా?"

"రాలేదు."

"మరి?"

"తిను ముందు" అంది. ఇరవై రెండేళ్ళలో ఆయన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి. ఆయన గమనించలేదు, నోరు నిండా మాంసం ఉంది.

చివరికి డబ్బాలో ఒకటే మిగిలింది. వదినా మరదళ్ళు షెడ్డు బయట మెట్టు మీద కూర్చుని దాన్ని చెరి సగం చేసుకున్నారు. ఇద్దరికీ వాసన లేదు. కాసేపు నమిలారు.

"ఎలా ఉంది వదినా?"

"వేడిగా ఉంది" అంది వదిన. "మెత్తగా ఉంది. దోసకాయ కరకరమంటోంది."

"నాకూ అంతే."

"మరి వాళ్ళందరూ ఏమిటే అలా తింటున్నారు?" అంది వదిన. అంతే, ఇద్దరికీ నవ్వు తన్నుకొచ్చింది. వదిన నవ్వి, దగ్గి, తుమ్మి, కళ్ళు తుడుచుకుని, మిగిలిన ముక్క నోట్లో పెట్టుకుంది. ప్రతిసారీ సగం వదిలే అలవాటున్న మనిషి, ఆ రోజు కాగితం కూడా నాకినంత పని చేసింది. వారం తర్వాత జలుబు తగ్గాక, ఫ్రిజ్‌లో దాచి ఉంచిన రసంలో బ్రెడ్డు ముంచుకుని తిని చూసి, "బాగుంది" అంది. ఒకే ఒక్కసారి.

బ్రేకులక్కకు వాసన పూర్తిగా తిరిగి రాలేదు. ఏడాది దాటాక ఒకరోజు సబ్బు వాసన తెలిసింది, ఆ తర్వాత కొన్నాళ్ళకు కాఫీ తెలిసింది కానీ అది కాల్చిన రబ్బరులా తెలిసింది. మాంసం వాసన మాత్రం ఈ రోజుకీ తెలియదు. దాని గురించి ఆమె దిగులు పడదనడం అబద్ధం. మెట్ల మీద పిల్లలు, "అబ్బ, వాసన!" అంటూ పరుగెడుతుంటే ఒక్క క్షణం ఆగి చూస్తుంది. కానీ మొదటి ఆదివారాలు ఒక్కటీ తప్పలేదు. వంటింట్లో రెండో పీట అక్కడే ఉంటుంది, దాన్ని ఎవరూ జరపరు.

ఈమధ్య రెండో అంతస్తులో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, పళ్ళెం తిరిగి ఇవ్వడానికి వచ్చి, "పిన్నీ, ఇదెలా చేస్తారో రాసివ్వరా?" అని అడిగింది.

"రాస్తే రాదమ్మా. వచ్చే నెల పొద్దున ఆరింటికి రా."

ఆ పిల్ల ఆరూ ఇరవైకి వచ్చింది. అప్పటికే ఉల్లిపాయలు గోల మానేశాయి. "అయ్యో, ఆలస్యమైపోయిందా?" అంది గుమ్మంలో నిలబడి.

"ఉల్లిపాయలకైతే అయింది" అంది వదిన పీట మీంచి కదలకుండా. "బన్నులకు కాలేదు. చేతులు కడుక్కుని వచ్చి కొయ్యి."

బ్రేకులక్క వేలు పెదవుల మీద పెట్టి ఇద్దర్నీ ఊరుకోమంది. మూత కింద మొదటి బుడగ పగిలింది.